ముద్ద వేరు, వాటా వేరు

పాత హిందూ ధర్మశాస్త్రంలో ఒక నియమం ఉండేది. ఉమ్మడి కుటుంబంలో చూపు లేనివాళ్లకు, నడవలేనివాళ్లకు, పుట్టుకతో చెవిటి మూగ అయినవాళ్లకు, మతి స్థిమితం లేనివాళ్లకు ఆస్తిలో వాటా లేదు. అలాగని వాళ్లను గాలికి వదిలేయడానికీ వీల్లేదు. బతికినంతకాలం తిండీ బట్టా చూడాల్సిందే. యాజ్ఞవల్క్య స్మృతిలోని ఈ నియమానికి కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో వ్యాఖ్యానం రాశాడు. తిక్కన కాలంవాడైన కేతన ఆ గ్రంథాన్ని 'విజ్ఞానేశ్వరీయం' పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తరవాత ఆంగ్లేయుల కోర్టులు కూడా అదే పద్ధతిలో తీర్పులు చెప్పాయి.

1928లో వచ్చిన ఒక చిన్న చట్టం మితాక్షర వర్తించేవాళ్ల విషయంలో ఈ నియమాన్ని చాలావరకు కొట్టేసింది. పుట్టుకతో మతిలేనివాళ్లను మాత్రం అప్పటికీ పక్కనే ఉంచింది. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ఆ మిగిలినదాన్నీ తుడిచేసింది. రోగం, లోపం, వైకల్యం ఉన్నాయన్న కారణంతో ఎవరి వారసత్వమూ పోదని తేల్చి చెప్పింది.

చట్టంలోంచి పోయింది గానీ ఇళ్లలోంచి పోలేదు. జిల్లా కోర్టులో ప్లీడరుగా సివిల్ దావాలే నా జీవనం. పంపకాల దగ్గర ఆ పాత నియమం ఎన్నిసార్లు ఎదురుపడిందో లెక్కలేదు. "వాడికి ఆస్తెందుకండీ, మేం చూసుకోమా?" అంటారు. చెడ్డవాళ్లు కారు, నిజంగానే చూసుకుంటారు కూడా. ముద్ద పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. పేచీ అంతా వాటా దగ్గరే. వికలాంగుల హక్కుల కోసం ఈ దేశం రాసుకున్న చట్టాల కథ కూడా ఇంతేనని, ముద్ద దగ్గర మొదలై వాటా దగ్గర ఆగిపోతూ వచ్చిందని నాకు మెల్లగా అర్థమైంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇంకా రాని రోజుల్లో ఒక కుటుంబం పంపకాల దస్తావేజు చూపించడానికి వచ్చింది. తండ్రి పోయాడు. ముగ్గురు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. ఆమెకు పెళ్లి కాలేదు. మాటా వినికిడీ లేవు. దస్తావేజు లేఖరి రాసి తెచ్చిన చిత్తులో పొలం మూడు భాగాలైంది. చెల్లెలు తన హక్కు వదులుకున్నట్టు, ఆమె పోషణ బాధ్యత అన్నలు తీసుకున్నట్టు ఒక పేరా ఉంది. మితాక్షర పక్కన పెట్టుకుని చూసి రాసినట్టే ఉంది. అది చదివినవాళ్లు వాళ్లలో ఎవరూ లేరు.

"చెల్లెమ్మకు ఇష్టమేనా?" అని అడిగాను.

"దానికేం తెలుసండీ! వేలు పెట్టమంటే పెడుతుంది" అన్నాడు పెద్దన్న.

చెల్లెలు చిన్నప్పుడు బధిర పాఠశాలలో చదువుకుందని మాటల మధ్యలో తెలిసింది. ఆ బడి టీచరమ్మ ఇంకా ఉద్యోగంలోనే ఉంది. కబురు చేస్తే సెలవు పెట్టుకుని వచ్చింది. చిత్తులో ఉన్నదంతా సైగలతో వివరించింది. చెల్లెలు చివరిదాకా చూసింది. గబగబా చేతులు కదిలించి ఏదో అడిగింది. టీచరమ్మ మా వైపు తిరిగి చెప్పింది: "బోరు ఎవరి వాటాలో పడుతుంది అని అడుగుతోంది."

అన్నలు ముఖాలు చూసుకున్నారు. మెట్ట పొలం అది. బోరు ఎటు పోతే విలువ అటే. చిత్తులో బోరు పెద్దన్న ముక్కలో ఉంది, నీళ్ల వంతుల గురించి ఒక్క వాక్యం లేదు. ఆ సంగతి తమ్ముళ్లిద్దరికీ అప్పుడే తట్టింది. దస్తావేజు తిరగరాశారు. చెల్లెలికి నాలుగో వాటా వచ్చింది. బోరు ఉమ్మడి అయింది, ఆమెకూ నీళ్ల వంతు రాశారు. ఆడపిల్లకు తోబుట్టువులతో సమానంగా వాటా ఇచ్చే సవరణ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే అమల్లో ఉంది కాబట్టి ఆ పక్కనుంచీ అడ్డు లేకపోయింది.

అందరూ దీన్ని మంచి కథ అంటారు. నాకు మాత్రం ఇందులో ఒక లొసుగు కనిపిస్తూనే ఉంటుంది. ఆ టీచరమ్మ బదిలీ అయిపోయి ఉంటే? సెలవు దొరక్కపోతే? ఆమెను పిలవాల్సిన విధి ఆనాడు ఎవరి మీదా లేదు. మూడో మనిషి మంచితనం వల్ల దక్కినది కాబట్టి, అది మళ్లీ ఇంకొకరికి దక్కుతుందన్న పూచీ లేదు.

మంచితనం సంగతి నాకు కొత్త కాదు. చిన్నతనంలో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. క్యాలిపర్ వేసుకుని నడుస్తాను. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కోర్టు హాలు మేడ మీద ఉండేది. డఫేదారు ఒకాయన మెట్ల దగ్గర చెయ్యందించేవాడు, నా ఫైళ్లు తనే పైకి మోసేవాడు. ఆయన రిటైరయ్యాక ఆ చెయ్యి కూడా రిటైరైంది. మెట్లు మాత్రం ఉండిపోయాయి.

అప్పటికి మన దేశంలో చట్టం లేదని కాదు. 1995లో పార్లమెంటు వికలాంగుల చట్టం చేసింది, 1996 ఫిబ్రవరి 7 నుంచి అమల్లోకి వచ్చింది. ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో మూడు శాతం కేటాయించింది. ఆ చట్టంలో పక్కపక్కనే ఉన్న రెండు సెక్షన్లు నాకు లా కాలేజీ చెప్పని పాఠం చెప్పాయి. 46వ సెక్షన్ ప్రభుత్వ భవనాలకు ర్యాంపులు కట్టాలంది, ఆ వెంటనే 'తమ ఆర్థిక స్తోమతకూ అభివృద్ధికీ లోబడి' అనే అర్థంలో ఒక షరతు తగిలించింది. 47వ సెక్షన్ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లను తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు అంది. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని చూపించాలి, పోస్టు లేకపోతే అదనంగా సృష్టించాలి. స్తోమత మాట అక్కడ ఎత్తనే లేదు.

రెండూ ఒకే రోజు పుట్టాయి. 47వ సెక్షన్ పట్టుకుని దేశమంతా కార్మికులు, కానిస్టేబుళ్లు, బస్సు డ్రైవర్లు కోర్టుకెక్కారు, ఉద్యోగాలు నిలబెట్టుకున్నారు. 46వ సెక్షన్‌ మాత్రం నిద్రపోయింది. ర్యాంపు ఏదీ అని అడిగితే నిధులు లేవనేవాళ్లు, ఆ జవాబు చట్టానికి లోబడే ఉండేది. ఒక హక్కును చంపాలంటే దాన్ని రద్దు చేయనక్కర్లేదు, పక్కన ఒక షరతు పెడితే చాలు. నా ప్రాక్టీసంతటిలో నేను నేర్చుకున్న అసలు పాఠం ఇదే.

మూడు శాతం రిజర్వేషన్ కూడా ఇలాంటి దారిలోనే తప్పిపోయింది. వికలాంగులు చేయదగ్గవని గుర్తించిన పోస్టుల్లోనే మూడు శాతం లెక్కగట్టారు. ఆ గుర్తింపు ఎప్పటికి పూర్తవుతుందో ఎవరికీ తెలియదు. జాతీయ అంధుల సమాఖ్య కేసులో 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఆ లెక్క కేడర్‌లోని మొత్తం ఖాళీల మీద కట్టాలని తేల్చింది. చట్టం వచ్చిన పదిహేడేళ్లకు గానీ శాతం లెక్క కూడా కుదరలేదు.

ఈలోగా బయట గాలి మారింది. 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం 2007 అక్టోబరు 1న దాన్ని ధ్రువీకరించింది. ఒడంబడికకు తగ్గట్టు దేశ చట్టాన్ని మార్చక తప్పని పరిస్థితి వచ్చింది. 2010లో సుధా కౌల్ అధ్యక్షతన ముసాయిదా సంఘం వేశారు. ఆ సంఘానికి న్యాయ సలహా ఇచ్చింది హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం, అక్కడి ఆచార్యురాలు అమితా ధండా. 2011లో ముసాయిదా చేతికొచ్చింది, 2014లో బిల్లు రాజ్యసభకెళ్లింది. జావేద్ అబిదీ వంటి ఉద్యమకారులు ఏళ్లతరబడి వెంటపడితే 2016 డిసెంబరులో రెండు సభలూ ఆమోదించాయి. 2017 ఏప్రిల్ 19 నుంచి ఆ చట్టం అమల్లో ఉంది.

ఏడు వైకల్యాలు ఇరవై ఒకటయ్యాయి. తలసీమియా, ఆటిజం, యాసిడ్ దాడి బాధితులు, పార్కిన్సన్స్ రోగులు లెక్కలోకి వచ్చారు. ఉద్యోగాల్లో మూడు శాతం నాలుగైంది, ఉన్నత విద్యలో అయిదు శాతం సీట్లు వచ్చాయి. పత్రికలు ఎక్కువగా రాసింది ఈ అంకెల గురించే. ప్లీడరుగా నాకు ముఖ్యమనిపించింది 13వ సెక్షన్. వికలాంగులకు ఆస్తి సంపాదించుకునే, వారసత్వంగా పొందే, తమ డబ్బు వ్యవహారాలు తామే చూసుకునే హక్కు అందరితో సమానంగా ఉందని, అది దక్కేలా చూడాల్సింది ప్రభుత్వమేనని ఆ సెక్షన్ చెబుతుంది. అంతటితో ఆగదు. నిర్ణయం తీసుకోవడంలో వికలాంగులకు తోడుండే మనిషికీ, వాళ్లకూ మధ్య ఏదైనా వ్యవహారంలో ప్రయోజనాలు ఢీకొంటే, ఆ వ్యవహారం వరకు ఆ మనిషి తప్పుకోవాలంటుంది. పొలం పంచుకునే అన్న, చెల్లెలి తరఫున "దానికి ఇష్టమే" అని చెప్పడానికి ఇక వీల్లేదు. అప్పుడు టీచరమ్మ చలవ వల్ల జరిగిన పని ఇప్పుడు చట్టం చెప్పే పని అయింది.

అయితే ఆ మరుసటి సెక్షన్ చదివితే ఉత్సాహం కాస్త చల్లారుతుంది. 14వ సెక్షన్ పరిమిత సంరక్షకుణ్ని నియమించే అధికారం జిల్లా కోర్టుకిచ్చింది. ఆయన ఆ వ్యక్తితో కలిసి, ఆ వ్యక్తి ఇష్టానికి అనుగుణంగా నిర్ణయాలు తీసుకోవాలి. కొన్ని సందర్భాల్లో పూర్తి అండ కూడా ఇవ్వవచ్చని అదే సెక్షన్‌లో ఒక కిటికీ తెరిచి పెట్టారు. 3వ సెక్షన్ వివక్ష చూపకూడదంటూనే, న్యాయమైన లక్ష్యం కోసం తగుమాత్రంగా చేసిన పనైతే ఫరవాలేదంది. సామాజిక భద్రత గురించిన 24వ సెక్షన్‌లో నా పాత మిత్రుడు 'ఆర్థిక స్తోమతకు లోబడి' మళ్లీ ప్రత్యక్షమయ్యాడు.

ఆ 24వ సెక్షన్ కిందికే పింఛన్లు వస్తాయి. మన రెండు రాష్ట్రాల్లో వికలాంగుల ప్రస్తావన వస్తే జనానికి ముందు గుర్తొచ్చేది వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్టూ పింఛనే. తెలంగాణలో 2023లో దాన్ని 4,016 రూపాయలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000 ఇస్తున్నారు. ఈ డబ్బును తేలిగ్గా మాట్లాడేవాళ్లు ఒకటో తారీఖున పింఛను కోసం ఎదురుచూసే ఇల్లు ఎరగరు. మందులు దాంట్లోంచే, బియ్యం దాంట్లోంచే. చాలా ఇళ్లలో ఆ మనిషికి గౌరవం కూడా దాంట్లోంచే వస్తుంది.

అయినా అది ముద్దే. ఎన్నికల హామీగా పెరుగుతుంది, పరిశీలన పేరుతో ఆగుతుంది. సదరం క్యాంపులో డాక్టరు వేసిన శాతం నలభై దాటితే ఒక బతుకు, ముప్పయ్యెనిమిది దగ్గర ఆగితే ఇంకో బతుకు. క్యాంపులో చేతికర్రలతో, వీపున మోసుకొచ్చిన పిల్లలతో వరసలో నిలబడ్డవాళ్లు ఎంత నడవగలరో కాదు, ఎంత నడవలేరో నిరూపించుకోవాలి. పెద్ద చదువుకు వెళ్తే లెక్క తిరగబడుతుంది. వైకల్యం నలభై శాతం దాటిందని మెడికల్ సీటు నిరాకరించిన సందర్భాలున్నాయి. 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ కేసులో సుప్రీంకోర్టు, శాతం చూసి తోసెయ్యకూడదు, ఆ విద్యార్థి చదవగలడో లేదో పరీక్షించి చూడాలని చెప్పాల్సి వచ్చింది. మచిలీపట్నం ప్రాంతంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్, చూపు లేదన్న కారణంతో ఇంటర్‌లో సైన్సు ఇవ్వకపోతే పోరాడి తెచ్చుకున్న సంగతి ఇప్పుడు సినిమాగా అందరికీ తెలుసు. ఎంఐటీలో చదివి, హైదరాబాద్‌లో ఫ్యాక్టరీ పెట్టి ఎందరికో ఉద్యోగాలిచ్చారాయన. ఆయన అడిగింది అందరిలాగే బెంచీ మీద చోటు. అదీ వాటాయే.

కొత్త చట్టం వాటాను నిజంగా రాసిందా అంటే, భవనాల విషయంలో గట్టిగానే రాసింది. 44వ సెక్షన్ ప్రకారం అందరికీ అందుబాటు నిబంధనలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు, కట్టాక పూర్తయినట్టు సర్టిఫికెట్టూ ఇవ్వకూడదు. 45వ సెక్షన్ ఉన్న ప్రభుత్వ భవనాలన్నిటినీ, నిబంధనలు వెలువడిన అయిదేళ్లలోగా సరిచేయమంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి కాబట్టి గడువు 2022 జూన్‌తో తీరిపోయింది.

గడువు తీరాక ఒక ప్రభుత్వ కార్యాలయానికి పనిమీద వెళ్లాను. ర్యాంపు ఉంది, సంతోషించాను. దగ్గరికెళ్లి చూస్తే మూడు మెట్ల ఎత్తును నాలుగైదు అడుగుల పొడవులో ఎక్కించేశారు. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం పన్నెండు అడుగుల వాలు ఉండాలన్నది ప్రామాణిక కొలత. మూడు మెట్లంటే అడుగున్నర, అంటే పద్ధెనిమిది అడుగుల ర్యాంపు కట్టాలి. ఉన్న దాని మీద చక్రాల కుర్చీ ఎక్కదు, ఎక్కినా దిగేటప్పుడు ఆగదు. కమ్మీ లేదు. నున్నటి గ్రానైట్ పరిచారు. కింద నాలుగు మోటార్ సైకిళ్లు నిలిపి ఉన్నాయి, మెట్లు ఎక్కించడం కష్టమని సిబ్బంది ఆ వాలు మీదుగా బళ్లు లోపలికి తోసుకుపోతారట. రిజిస్టర్‌లో మాత్రం 'ర్యాంపు కలదు' అని ఉంటుంది. నేను పక్కనున్న మెట్లే ఎక్కాను.

ఈ ర్యాంపు వెనక ఒక న్యాయ సూక్ష్మం ఉంది. చట్టం 'పాటించి తీరాలి' అన్నదాన్ని, ఆ చట్టం కింద రాసుకున్న 15వ నిబంధన రకరకాల శాఖల మార్గదర్శకాలకు అప్పగించేసింది. మార్గదర్శకం అంటే సలహా. సలహా పాటించలేదని ఎవరికీ జరిమానా వెయ్యలేరు. చూపు లేని రాజీవ్ రతూరీ 2005లో వేసిన వ్యాజ్యంలో, సుప్రీంకోర్టు క్షేత్రస్థాయిలో చూసి రమ్మని నల్సార్‌లోని వికలాంగుల అధ్యయన కేంద్రాన్ని కోరింది. ఆ నివేదిక చూశాక 2024 నవంబరు 8న, 15వ నిబంధన చట్టానికే విరుద్ధమని తీర్పిచ్చింది. తప్పనిసరి ప్రమాణాలు వేరు, మార్గదర్శకాలు వేరు, రెండూ విడదీసి మూడు నెలల్లో కొత్త నిబంధనలు రాయమంది. ఆ తీర్పు చదువుతుంటే పాత 46వ సెక్షన్ కళ్ల ముందు కదిలింది. దాదాపు ముప్పై ఏళ్ల కిందట 'స్తోమత'గా వచ్చిన షరతే ఈసారి 'మార్గదర్శకం' వేషం కట్టింది.

శిక్షల సంగతీ అంతే. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే పదివేలదాకా, మళ్లీ చేస్తే యాభైవేల నుంచి అయిదు లక్షలదాకా జరిమానా అని 89వ సెక్షన్‌లో ఉంది. 2020 జులైలో, కరోనా రోజుల్లో, చిన్న నేరాలకు శిక్షలెందుకంటూ ఈ సెక్షన్‌నూ, బహిరంగంగా కావాలని అవమానించడాన్ని నేరం చేసిన భాగాన్నీ సడలించాలని కేంద్ర ప్రభుత్వం ప్రతిపాదించింది. వికలాంగుల సంఘాలన్నీ ఒక్కసారిగా లేచాయి, కొద్ది రోజుల్లోనే ప్రతిపాదన వెనక్కి వెళ్లింది. పింఛను పెంచమంటూ రోడ్డెక్కిన సభలు చాలా చూశాను. ఒక శిక్ష సెక్షన్‌ను కాపాడుకోవడానికి వికలాంగులు అంత పట్టుబట్టడం అప్పుడే చూశాను. శిక్ష పోతే వాటా పోయి ముద్ద మిగులుతుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇంకా మారాల్సినవి ఉన్నాయి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా వివక్ష చూపకూడదన్న రాజ్యాంగం 15వ అధికరణంలో వైకల్యం మాట లేదు. మతి స్థిమితం లేదన్న పేరుతో ఓటు తీసేసే వీలు 326వ అధికరణంలో అలాగే ఉంది. కోర్టులు కొన్ని తలుపులు తెరుస్తున్నాయి. 2021లో వికాస్ కుమార్ కేసులో, నలభై శాతం లేకపోయినా అవసరమైనవాళ్లకు పరీక్షలో జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌ను ఇవ్వాలన్నారు. 2025 మార్చిలో, చూపు లేనివాళ్లు జడ్జీలు కాకూడదన్న మధ్యప్రదేశ్ నిబంధనను కొట్టేశారు. మా బార్‌లో ఆ రోజు టీ తాగుతూ ఒకాయన, "మరి సాక్షి ముఖకవళికలు ఎలా చూస్తాడండీ?" అన్నాడు. ముప్పయ్యేళ్లుగా సాక్షుల ముఖాలు చూస్తున్న మనం అబద్ధాలు ఎన్ని పట్టామో చెప్పమన్నాను. టీ కొట్టు అబ్బాయి ముందు నవ్వాడు.

కోర్టు తెరిచిన తలుపు ఒక్కొక్కరు దూరేంత వెడల్పే ఉంటుంది. దేశం మొత్తానికి దారి వేయాల్సింది చట్టం రాసేవాళ్లు, దాన్ని అమలు చేసే మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లోని చిన్న ఉద్యోగులు. అందుకే ఎవరైనా సలహా అడిగితే పెద్ద కేసులు వెయ్యమని చెప్పను. మీ ఊళ్లో 2017 తరవాత కట్టిన ప్రభుత్వ భవనం ఒకటి ఎంచుకోండి. టేపు పట్టుకెళ్లి మెట్ల ఎత్తు, ర్యాంపు పొడవు కొలవండి. 44వ సెక్షన్ ప్రకారం ఈ భవనానికి పూర్తయినట్టు సర్టిఫికెట్టు ఇచ్చిందెవరు, ఏ ప్రమాణాలు చూసి ఇచ్చారని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల పని. ముప్పై రోజుల్లో వచ్చే జవాబులో సంతకం చేసిన అధికారి పేరు, హోదా ఉంటాయి. పాత చట్టంలో ఎంత వెతికినా దొరకనిది ఆ పేరే. అది దొరికిన రోజు నుంచి ర్యాంపు దయా ధర్మం కాదు, ఆయన చేయాల్సిన ఉద్యోగం.